పదిహేడో వార్డు సమాధుల తోట

పదిహేడో వార్డు ఎస్సీ మహిళకు రిజర్వు అయిందన్న కబురు రంగనాథపురంలో అందరికన్నా ముందు సూర్యారావుకి గుచ్చుకుంది. పలాసకీ టెక్కలికీ మధ్య హైవేని ఆనుకుని పెరిగిన ఊరది. రెండు పంచాయతీలు కలిపి మున్సిపాలిటీ చేసిన రోజు నుంచీ ఆ వార్డు ఆయన జేబులోనే ఉండేది. జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది, నోరుంది, పిలిచినా పిలవకపోయినా ప్రతి పెళ్లిలోనూ ముందు వరుసలో కూర్చునే అలవాటుంది. పాపం, ఎంత పలుకుబడి ఉన్నా ఎస్సీ ఆడమనిషి కాలేడు కదా. పక్క వార్డుకి మారి, అక్కడ గెలిచి, వైస్ చైర్మన్ అయి కూర్చున్నాడు. వదిలొచ్చిన వార్డులో మాత్రం తన ఫ్యాక్టరీలో పని చేసే కుసుమ అనే ఎస్సీ ఆమెను నిలబెట్టాడు. కుసుమ గెలిస్తే సంతకం ఆమెది, పెత్తనం ఈయనది.

అయితే ఆ వార్డులో సగానికి పైగా మిషన్ పేట. తాతల కాలంలో ఎవరో దొరలు వచ్చి చెరువు నీళ్లలో ముంచి లేపిన దగ్గర్నుంచీ పేటంతా ఒకటే బాప్టిస్టు సంఘం. సర్కారు మాట ఏమిటంటే, ఎస్సీ మనిషి క్రైస్తవుడైన క్షణాన ఎస్సీ కాకుండా పోతాడు. అందుకని పేటలో అందరివీ రెండేసి బతుకులు. ఆదివారం దేవుడికి, సోమవారం తాసిల్దారుకి. గుడిలో షారోన్, బడి రిజిస్టరులో రాణి. గుడిలో జెర్రీ, బడిలో యువరాజు. ఇదంతా మోసమని ముక్కు విరిచేవాళ్లు ఒక్క నెల ఆ పేటలో కాపురముండి చూస్తే తెలుస్తుంది. వీళ్లు దేవుణ్ణి మార్చుకున్నా, హైవే మీద టీ కొట్టువాడు వీళ్ల గ్లాసు మార్చలేదు.

జ్ఞానసుందరికి మాత్రం రెండో పేరు లేదు. బడికి వెళ్లలేదు కనుక అవసరం రాలేదు. ఎటు పిలిచినా అతికే పేరది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పన్నెండో ఏట నుంచీ జీడిపిక్కలు కొట్టి కొట్టి అరచేతులు నల్లగా మాడిపోయాయి. పేరు కూడబలుక్కుని చదువుతుంది, సంతకం చేస్తుంది. భర్త యోబు ఆరేళ్ల కిందట కిడ్నీ జబ్బుతో పోయాడు. ఇంటికొక కిడ్నీ రోగి ఉండే ఉద్దానంలో ఆ మాట చెబితే చాలు, ఇక ఏమైందని ఎవరూ అడగరు. కూతురు షారోన్‌ని టెక్కలిలో ఇచ్చారు. ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

యోబుని పేట వెనకున్న సమాధుల తోటలో పెట్టారు. మిషన్ పేట వాళ్లు భర్తను సమాధి చేసినప్పుడు పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి, నాలుగు మూలలా రాళ్లు పాతుతారు. భార్య బతికుండగానే ఆమె చోటు ఆమెకుంటుంది. ఈస్టరు ముందు సున్నం వేసేటప్పుడు జ్ఞానసుందరి ఆ నాలుగు రాళ్లకి కూడా వేసేది. "నా ఇల్లు కూడా తెల్లగుండాల గదా" అని నవ్వేది. అదే ఆమె ఆస్తి. అంతకన్నా ఆ మనిషి ఈ లోకంలో దేనికీ ఆశపడలేదు.

హైవే వెడల్పయ్యాక ఆ తోటకి గండం వచ్చింది. అరవై సెంట్ల నేల, సర్కారు కాగితాల్లో బంజరు. వందేళ్లుగా అక్కడ మనుషులు నిద్రపోతున్న సంగతి కాగితానికి తెలీదు. సూర్యారావుకి మాత్రం అది సర్వీసు రోడ్డు పక్క స్థలమని తెలుసు. మున్సిపల్ షాపింగ్ కాంప్లెక్స్ కడతామని రెండుసార్లు కొలతలు వేయించాడు, కాగితం కదిలేలోపే ఎన్నికలొచ్చాయి. ఆ కౌన్సిల్లో రాయని పద్ధతి ఒకటుంది. ఏ వార్డు విషయమైనా ఆ వార్డు కౌన్సిలర్ ప్రతిపాదన మీద సంతకం పెడితేనే అజెండాకెక్కుతుంది. అంటే కుసుమ గెలిస్తే తోట పోయినట్టే, పేట మనిషి గెలిస్తే నిలబడినట్టే.

సంఘపెద్దలు కూర్చుని ఆలోచించారు. నిలబెట్టే మనిషి ఎస్సీ అని కాగితం చూపాలి, సంఘం పట్టీలో పేరుండకూడదు. పట్టీ అంటే బాప్తిస్మం పొందినవాళ్ల పేర్లు వరుసగా రాసుకునే రిజిస్టరు. పేటలో పుట్టుక కన్నా దానికే విలువ ఎక్కువ. అందులో పేరుంటేనే పెళ్లికి గుడి తలుపు తీస్తారు, ప్రభువు బల్లలో రొట్టె ఇస్తారు, చచ్చాక తోటకి మోస్తారు. ఆ పట్టీలోంచి ఒకరి పేరు కొట్టేయాలి. పిల్లల ఉద్యోగాలూ పెళ్లిళ్లూ ఉన్న ఇళ్లవాళ్లందరూ నేల చూపులు చూశారు. చివరికి అందరి చూపులూ తిరిగి తిరిగి జ్ఞానసుందరి మీద వాలాయి.

ఒప్పించింది రెబెక్కా టీచరు. రిటైరైన పంతులమ్మ, స్త్రీల సమాజానికి ముప్పై ఏళ్లుగా పెద్ద, ఆమె మాటకి పాస్టరు సంజయ్ గారు కూడా ఎదురు చెప్పడు. జ్ఞానసుందరి ఇంటికొచ్చి, నులకమంచం మీద పక్కన కూర్చుని, చేయి పట్టుకుంది.

"దేవుణ్ణి మానీమనట్లేదు సుందరీ. పట్టీలోంచి కొన్నాళ్లు పక్కకి జరగమంటన్నాం. పెన్సిలుతోనే గీత పెడతాం. తోట నిలబడిన మర్నాడు నా సేత్తో నానే రబ్బరెట్టి సెరిపేత్తాను."

జ్ఞానసుందరి ఆ రాత్రంతా ఏడ్చి, పొద్దున్నే సరేనంది. తనకోసం కాదనుకుంది, యోబు కోసం అనుకుంది.

గెలిచింది. పేటంతా ఒక్కటై ఓటేస్తే కుసుమ నూట పది ఓట్ల తేడాతో ఓడిపోయింది. దండలు వేశారు, ఆటో మీద ఊరేగించారు. పదిరోజులు తిరక్కుండా కుసుమ పేరుతో కోర్టులో కేసు పడింది. గెలిచిన మనిషి క్రైస్తవురాలు, ఎస్సీ సీటుకి పనికిరాదు అని. రాయించింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

లాయరు సలహా మీద పాస్టరు గారు పెన్సిలు గీతని పెన్నుతో దిద్దాడు. ఈమె మా సంఘ సభ్యురాలు కాదు, మా ఆరాధనలకు రాదు అని కోర్టులో ప్రమాణం చేసి చెప్పొచ్చాడు. చెప్పిన మాట నిజం చేయడానికి ఇక ఆమె గుడి గడప తొక్కకూడదు. సూర్యారావు మనుషులు సెల్‌ఫోన్లు పట్టుకుని గుడి ముందు కాపలా. నలభై ఏళ్లు ముందు వరుసలో చాప వేసుకుని పాడిన మనిషి, ఆదివారం ఇంట్లో కూర్చుని మైకులో వచ్చే పాటకి గొంతు కలిపేది. క్రిస్మస్‌కి కేకు ముక్క ఎవరింటి నుంచో కాగితంలో చుట్టి వెనక గుమ్మంలోంచి వచ్చేది. ఈస్టరు నాడు తోటకి పోలేక, యోబు సమాధికి సున్నం వేయమని పొరుగింటివాళ్లని బతిమాలుకుంది. నాలుగు రాళ్ల సంగతి చెప్పడానికి మొహమాటపడింది. వాళ్లు వేయలేదు.

అయినా పట్టిన పట్టు విడవలేదు. కౌన్సిలర్ కుర్చీ అంటే మాటలా? మురిక్కాలువ దగ్గర్నుంచి కుక్కల బెడద దాకా అన్నీ ఆమె గుమ్మంలోకే వచ్చేవి. మొదటి ఏడాది అధికారుల ముందు నోరు పెగల్లేదు. రెండో ఏటికి కమిషనర్ బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చోవడం నేర్చుకుంది. తోట గురించి ప్రతి నెలా కాగితం పెట్టింది. ఆఖరికి అరవై సెంట్లనీ సమాధుల స్థలంగా గుర్తించి ప్రహరీ కట్టించే తీర్మానం కౌన్సిల్ ముందుకొచ్చింది. సూర్యారావు వ్యతిరేకించలేదు. పేటలో ఓట్లున్నాయి కదా. "సర్వమతాలకూ ఉపయోగపడేలా రాద్దాం" అని మాత్రం ఒక ముక్క తగిలించాడు. ఆ ముక్క వెనక ఏ చెయ్యి ఉందో జ్ఞానసుందరికి అర్థమైంది. అందరిదీ అన్నది రేపు ఎవరిదీ కాకుండా పోతుంది, తర్వాత ఆయనదవుతుంది.

తీర్మానాలు రాసే గుమస్తా భానుప్రకాష్ కుర్రాడు కాదు, పాతికేళ్ల సర్వీసున్నవాడు. పేట నివాసులకు అని రాస్తే సరిపోతుందేమో అని మెల్లిగా అన్నాడు.

"వొద్దు బాబూ," అంది జ్ఞానసుందరి. "పేటోలం అని రేపు ఎవులైనా వొచ్చి సెప్తారు. సంగం పట్టీలో పేరున్నోలికే, ఇంకెవులికీ కాదు, అని రాయండి."

భానుప్రకాష్ పెన్ను ఆపి ఆమె మొహంలోకి చూశాడు. ఏదో అనబోయి, వైస్ చైర్మన్ పక్కనే ఉండడంతో ఊరుకున్నాడు. ఆమెకి ఆ చూపు అర్థం కాలేదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ పట్టీలో పేరున్నవాళ్లంటే మనవాళ్లు, మనవాళ్లంటే తను కూడా. ఆ సంతోషంలో, ఆ పట్టీలో తన పేరు మీద పెన్నుతో గీత ఉందన్న సంగతి మనిషికి తట్టనే లేదు. సూర్యారావుకి తట్టింది. ఎప్పుడూ లేనిది, నవ్వుతూ అందరికన్నా ముందు చెయ్యెత్తాడు.

ప్రహరీ లేచింది. ఇనప గేటు పెట్టారు. తీర్మానంలోని మాటే బోర్డు మీద రాయించారు. పేటలో మిఠాయిలు పంచారు. ఆ ఆదివారం గుడిలో రెబెక్కా టీచరు తోట దక్కిందని ఏడుస్తూ సాక్ష్యం చెప్పిందనీ, సంఘమంతా లేచి నిలబడిందనీ జ్ఞానసుందరి మర్నాడు కుళాయి దగ్గర విని తెలుసుకుంది.

ఆరు నెలలు తిరక్కుండా కాళ్లకి నీరు పట్టింది. టెక్కలి తీసుకెళ్లి పరీక్ష చేయించింది షారోన్, ఆ రోజు నుంచీ తల్లి దగ్గరే ఉండిపోయింది. యోబుకి వచ్చిందే వచ్చింది. వారానికి రెండుసార్లు రక్తం కడగాలన్నారు. డాక్టరు ఎంతకాలమో చెప్పలేదు గాని, యోబు పక్కన మూడేళ్లు కూర్చున్న మనిషికి ఒకరు చెప్పాలా? కౌన్సిలర్ పదవి ఇంకా రెండేళ్లుంది. తనకి అంత లేదని ఆమెకి తెలిసిపోయింది.

అప్పుడు మొదటిసారి బోర్డు మీద మాట తన గురించి కూడానని ఆమెకి వెలిగింది. డయాలసిస్ నుంచి ఆటోలో వస్తూ, తోట గేటు దగ్గర అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "ఓలమ్మీ, నానెక్కడికెలతాను" అంది. షారోన్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల్లి భుజం మీద తల పెట్టుకుని ఇల్లొచ్చేదాకా ఎత్తలేదు.

మర్నాడు ఆఫీసుకి పోయి, తీర్మానంలో ఆ ఒక్క ముక్క మార్చడం కుదురుతుందా అని భానుప్రకాష్‌ని అడిగింది. మార్చాలంటే తీర్మానం మొత్తం మళ్లీ కౌన్సిల్ ముందు విప్పాలనీ, విప్పితే ఎవరు ఏం రాస్తారో తన చేతిలో ఉండదనీ చెప్పాడు. ఆ రోజే చెప్పి ఉండాల్సిందమ్మా అని తలదించుకున్నాడు.

తర్వాత పాస్టరు గారింటికి వెళ్లింది, అదీ వెనక వీధిలోంచి. రెబెక్కా టీచరుని కూడా పిలిపించారు. తన పేరు మళ్లీ పట్టీలో రాయమని అడిగింది. అడుక్కుందనే చెప్పాలి. పాస్టరు మంచివాడే, కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ కోర్టులో ప్రమాణం చేసింది తనేననీ, కేసు ఇంకా నడుస్తోందనీ, ఇప్పుడు పేరు రాస్తే ఆ పట్టీయే రేపు సాక్ష్యమవుతుందనీ అన్నాడు. పదవికి రాజీనామా ఇచ్చేస్తానంది. ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టేననీ, సంఘం మొత్తం అబద్ధమాడినట్టు తేలుతుందనీ అన్నాడు.

"పోనీ, సచ్చిపోయాకైనా తోటలోకి రానిత్తారా అయ్యగారూ? సచ్చినోలి మీద కేసులుండవు గదా."

పాస్టరు గారు టీచరు వైపు చూశాడు. టీచరు కొంగుతో కళ్లొత్తుకుంది.

"రూలు నువ్వే రాయించినావు గదే సుందరీ. పట్టీలో లేని శవం ఒక్కటి లోపలికెలితే సాలు, రూలు తప్పినారని సూర్యారావు గేటు పీకించీడానికి. ఒక్కదానివి, నువ్వే ఆలోసించు. ఇటు సంగమంతా ఉన్నాది."

జ్ఞానసుందరికి ఆలోచించడానికి ఏమీ లేదు. ఒక్కదాన్నని ఆమెకి తెలుసు. ఒక్కదాన్ని చేసిందెవరో కూడా తెలుసు. పాస్టరు గారి భార్య ఇచ్చిన టీ తాగి, వెనక వీధిలోంచే ఇంటికి పోయింది. పెన్సిలు మాట టీచరుకి గుర్తుందో లేదో అడగాల్సింది, అడగలేదు.

ఇలాంటి సంగతులు గాలికి చెప్పినా సూర్యారావు చెవిలో పడతాయి. నాలుగో రోజు పగలు, ఆమె డయాలసిస్ నుంచి వచ్చి మంచం మీద వాలగానే, కారు వచ్చి గుమ్మంలో ఆగింది. ఆపిల్ పళ్ల సంచీ, ఒక టైపు చేసిన కాగితం తెచ్చాడు. మిషన్ పేటలో ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చోవడం ఆయనకదే మొదటిసారి. షారోన్ మంచినీళ్లు తెస్తే, తీసుకుని పక్కన పెట్టాడు.

"సుందరమ్మా, నీకూ నాకూ తగువేటి?" అన్నాడు. "కుసుమ సేత కేసు వాపసు తీయిత్తాను. కేసు లేకపోతే మీ పాస్టరుకి బయిం లేదు. నీ పేరు పట్టీలోకెక్కుతాది, మీ ఆయన పక్కన దర్జాగా పడుకుంటావు. నాకు రోడ్డు వైపు రెండు వరసలు సాలు. ఈ ప్రతిపాదన మీద సంతకమెట్టు."

అబద్ధం చెప్పడం లేదని ఆమెకి తెలుసు. బేరంలో మాట తప్పే మనిషి కాదు, అంతవరకూ నికార్సయిన వాడే. యోబు సమాధి వెనక వరుసలో ఉంది, దానికేమీ కాదు. ఒక్క సంతకం పెడితే తన నాలుగు రాళ్లూ తనకొచ్చేస్తాయి. కాగితం చేతిలోకి తీసుకుంది. చేతిలో సూది గుచ్చినచోట కట్టు ఇంకా తడిగానే ఉంది. పక్కన నిలబడ్డ షారోన్, పెట్టీయమ్మా అని లోపల్లోపల మొక్కుకుంటూనే ఉంది.

"ముందు వరసల్లో ఎవులున్నారో తెలుసా బాబూ నీకు?" అంది చివరికి. "అన్నీ పసిపిల్లలే. ఎనకటి దినాల్లో సిన్నపిల్లల్ని రోడ్డు వైపే ఎట్టీవోరు. రెబెక్కా టీచరు పిల్ల అక్కడే ఉంది. మూడేళ్లది."

"ఆ టీచరే గదా నీకు జాగా లేదన్నాది?"

"టీచరన్నాది. ఆ పిల్ల అన్లేదు గదా."

కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టేసింది. సూర్యారావు నవ్వబోయి నవ్వలేక లేచాడు. ఆపిల్ పళ్లు తీసుకుపొమ్మంది. తీసుకుపోలేదు. షారోన్ ఆ సాయంత్రమంతా వాళ్ల పిల్లకోసం నువ్వెందుకు, వాళ్లు నీకోసం ఏం చేశారు అని గిన్నెలమీద కోపం చూపించింది. మంచితనం చేతకానితనంలాగే కనిపించే రోజులున్నాయి మరి, ఆ రోజు అలాంటిదే.

కాగితం వెనక్కిచ్చిన సంగతి పేటలో పాకింది. ఆదివారం మధ్యాహ్నం రెబెక్కా టీచరు ఫోన్ చేసింది. దేవుడు నిన్ను దీవిస్తాడు సుందరీ అంది. తన బిడ్డ సంగతి ఎత్తబోయి ఎత్తలేకపోయింది. ఆ పొద్దున ఆరాధనలో సంఘమంతా మోకరించి నీ ఆరోగ్యం కోసం ప్రార్థన చేశామని చెప్పింది. ఎవరైనా వీడియో తీస్తారని పేరు మాత్రం ఎత్తలేదని, ఏమీ అనుకోవద్దని అంది.

"పర్లేదు టీచరమ్మా," అంది జ్ఞానసుందరి. "పేరెత్తకపోతే ఏటి, వార్డు నంబరు సెప్పుంటే సరిపోను. దేవుడికాడ లిస్టు ఉంటాది గదా."

అవతల టీచరు ఏమందో వినకుండానే ఫోన్ షారోన్‌కి ఇచ్చేసింది. గూట్లోంచి తన లెటర్ ప్యాడు తెమ్మంది. పదిహేడో వార్డు కౌన్సిలర్ అని పైన రంగు అక్షరాలతో అచ్చువేయించిన ప్యాడది. పింఛనుకీ, రేషన్ కార్డుకీ, ఆసుపత్రి మంచానికీ దాని మీద ఎన్ని వందల ఉత్తరాలిచ్చిందో ఆమెకే గుర్తులేదు. రైలు గేటు అవతల మున్సిపాలిటీ వాళ్ల శ్మశానం ఉంది. పందులు తిరిగే చోటు, దిక్కులేనివాళ్లని పూడ్చేది అక్కడే. అక్కడ జాగా కావాలన్నా వార్డు కౌన్సిలర్ ఉత్తరం ఉండాలి. షారోన్‌ని కూర్చోబెట్టి, కమిషనర్ గారికి అని రాయమంది.

షారోన్ రాయనంది. ఏడ్చింది. ప్యాడు విసిరేసింది. జ్ఞానసుందరి లేచి, వంగలేక వంగి, దాన్ని తీసి మళ్లీ కూతురి ఒళ్లో పెట్టింది. చివరికి షారోన్ రాసింది. మా వార్డు నివాసి, వితంతువు, జ్ఞానసుందరి అనే నిరుపేద మహిళకు సదరు శ్మశానంలో ఆరడుగుల స్థలం ఇప్పించవలసిందిగా సిఫారసు చేయడమైనది.

"డేటు ఏటెయ్యాలమ్మా?" అంది షారోన్, తల ఎత్తకుండా.

"డేటు వొగ్గీ. తరవాత నువ్వే ఎయ్యి."

జ్ఞానసుందరి కింద తన పేరు ఒక్కో అక్షరమే రాసి, రబ్బరు స్టాంపు కూడా తనే వేసింది. ఇంకు ఆరేదాకా ఊది, మడత పెట్టకుండా కూతురి చేతికిచ్చింది.